ఇంట్లో నెట్ ఎవరు బిగించాలి?

స్త్రీల హక్కుల పత్రికలో కేబుల్ మోడెమ్ మీద సంపాదకీయమా అని మా సంపాదకవర్గంలోనే ఒకరిద్దరు మొహం చిట్లించారు. వరకట్నం, భూమి హక్కు, పనిచోట వేధింపులు ఇన్ని ఉండగా ఈ పెట్టె గోల మనకెందుకు అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే నీళ్ళ పంపు, గ్యాస్ పొయ్యి, కుట్టుమిషన్ గురించి మన ఉద్యమం మొదటినుంచీ మాట్లాడుతూనే వచ్చింది. ఒక వస్తువు ఇంట్లోకి ఎలా వస్తుంది, ఎవరు బిగిస్తారు, చెడిపోతే ఎవరు నిలబడి బాగుచేయిస్తారు, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగినప్పుడల్లా ఆ ఇంట్లో అధికారం ఎవరిదో బయటపడింది. ఇంటర్నెట్ కూడా ఇప్పుడు అలా ఇంట్లోకి వచ్చిన వస్తువే.

ముందు విషయం ఎక్కడిదో చెప్పాలి. అమెరికాలో కేబుల్ టీవీ కంపెనీలే ఇళ్ళకు ఇంటర్నెట్ కూడా అమ్ముతాయి. టీవీ కోసం గోడలోంచి వచ్చే గుండ్రటి లావుపాటి తీగ మీదే నెట్ కూడా వస్తుంది. 1990ల చివర్లో ఈ కనెక్షన్ కావాలంటే మనిషి ఇంటికి రావలసిందే. వచ్చినతను తీగ సరిచూసి, కంప్యూటర్ మూత విప్పి లోపల నెట్‌వర్క్ కార్డు బిగించి, దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పనిచేస్తోందని చూపించి వెళ్ళేవాడు. ఇలా కంపెనీ మనిషి బండేసుకుని ఇంటికి రావడాన్ని ఆ పరిశ్రమలో 'ట్రక్ రోల్' అంటారు. ఆ ఖర్చు తగ్గించుకోవడానికే 'మీ ఇంట్లో మీరే బిగించుకోండి' అన్న పిలుపు పుట్టింది. ఇందులో దాపరికమేమీ లేదు. కంపెనీలు తమ వాటాదారులకు ఇచ్చే నివేదికల్లో ఈ మాట గర్వంగానే చెప్పుకుంటాయి.

అయితే ఖర్చు తగ్గించాలనుకున్నంత మాత్రాన పని సులువైపోదు. దానికో ఉమ్మడి ప్రమాణం కావాలి. కేబుల్ కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న కేబుల్‌ల్యాబ్స్ అనే సంస్థ 1997లో డాక్సిస్ అనే ప్రమాణాన్ని ప్రకటించింది. 1999లో ఆ ప్రమాణానికి సరిపోయాయని ధ్రువీకరించిన మొదటి మోడెమ్‌లు వచ్చాయి. అంతకుముందు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం పెట్టె, అది ఆ కంపెనీదే. తర్వాత మోడెమ్‌ను బజారులో కొనుక్కోవడం సాధ్యమైంది. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్ మూత విప్పే అవసరం పోయింది. ఆ తర్వాత వైఫై వచ్చింది. చివరకు పోస్టులో ఒక అట్టపెట్టె వచ్చే రోజులు వచ్చాయి. అందులో మోడెమ్, రెండు తీగలు, కరెంటు ప్లగ్గు, బొమ్మలతో ఒక కాగితం.

ఆ కాగితం 'మూడు మెట్లు చాలు' అన్నట్టు ఉంటుంది. నిజానికి మెట్లు చాలా ఉన్నాయి, వాటిని పెట్టె తనలో దాచుకుంది. మోడెమ్‌కు కరెంటు ఇవ్వగానే అది తీగ మీద వచ్చే సంకేతాలన్నీ వెతుక్కుంటుంది. తనకు కావలసింది దొరికాక, అవతలి యంత్రానికి ఎంత గట్టిగా మాట్లాడితే వినిపిస్తుందో సరిచూసుకుంటుంది. చిరునామా అడిగి తీసుకుంటుంది. ఎంత వేగం ఇవ్వాలో చెప్పే చిన్న ఫైలు దించుకుంటుంది. మోడెమ్ అడుగున అంటించిన నంబరును బట్టి ఇది ఫలానా ఖాతాదారు పెట్టె అని కంపెనీ గుర్తుపడుతుంది. ఒకప్పుడు టెక్నీషియన్ తలలోనూ చేతుల్లోనూ ఉన్న నైపుణ్యంలో సగాన్ని యంత్రంలో పోశారు. మిగిలిన సగం ఇంట్లోవాళ్ళకు వదిలేశారు. నా ప్రశ్నలన్నీ ఆ మిగిలిన సగం గురించే.

ముందు దీనివల్ల కలిగిన మేలు ఒప్పుకోవాలి. చదువుకున్న మధ్యతరగతి స్త్రీవాదులం మనం కొన్నిసార్లు యంత్రమనగానే అనుమానంగా చూస్తాం. ఇక్కడ అలా చూడడం తప్పు.

టెక్నీషియన్ కోసం ఇంట్లో ఎదురుచూడడం ఒక పని. ఎవరూ పనిగా లెక్కవేయని పని. 'పొద్దున ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య వస్తాం' అంటారు. ఆ నాలుగు గంటలు ఎవరో ఒకరు గడప దాటకుండా కూర్చోవాలి. అమెరికాలో ఈ బాధ ఎంత ముదిరిందంటే 1992 కేబుల్ చట్టం కింద ఎఫ్‌సీసీ 1993లో నియమాలు చేస్తూ, కంపెనీ ఇచ్చే వ్యవధి నాలుగు గంటలు దాటకూడదనీ, వస్తామన్న రోజుకు ముందురోజు పనివేళ ముగిశాక రావడం రద్దు చేయకూడదనీ రాయవలసివచ్చింది. నాలుగు గంటలు దాటకూడదని చట్టం చెప్పవలసి వచ్చిందంటే అంతకుముందు సంగతి మీరే ఊహించుకోండి. మరి ఎదురుచూసేది ఎవరు? ఆఫీసుకు సెలవు పెట్టేది ఎవరు? ఇంట్లో ఉండే స్త్రీ అయితే 'ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా' అంటారు. ఉద్యోగం చేసే స్త్రీ అయితే 'నీకైతే సెలవు ఇస్తార్లే' అంటారు. కొన్నేళ్ళ క్రితం పరిశోధన కోసం న్యూజెర్సీలో ఉన్నప్పుడు నేనూ ఇలాగే రెండు పూటలు పోగొట్టుకున్నాను. మూడోసారి ఆ కంపెనీ వాళ్ళే విసుగొచ్చినట్టు అట్టపెట్టె పంపిస్తామన్నారు. పెట్టె వచ్చాక పని అరగంటలో అయిపోయింది. రెండు పూటల నిరీక్షణ ఎవరి ఖాతాలో రాయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని మనవాళ్ళు బయటికి తక్కువగా మాట్లాడతారు. ఒంటరిగా ఉన్న స్త్రీ తలుపు తీసి ముక్కూమొహం తెలియని మగవాణ్ణి పడగ్గది దాకా తీసుకెళ్ళాలి, ఎందుకంటే తీగ అక్కడుంటుంది. వచ్చే టెక్నీషియన్లలో అత్యధికులు తమ పని తాము చేసుకుపోయే శ్రామికులే. కాంట్రాక్టు కింద, ఇంటికి ఇంత అని కూలి తీసుకుంటూ పరుగులు తీసేవాళ్ళు. వాళ్ళను అనుమానించమని నేను చెప్పడం లేదు. కానీ ఆ అరగంట ఒంటరి స్త్రీ ఎలా ఉంటుందో మనకు తెలుసు. తలుపు తెరిచే ఉంచుతుంది, పక్కింటావిడకు ముందే చెప్పిపెడుతుంది, ఫోను చేతిలో పట్టుకుని నిలబడుతుంది. పోస్టులో వచ్చే పెట్టె ఆ అరగంటను తీసేస్తుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కంపెనీలు మనుషుల్ని లోపలికి పంపడం ఆపి గుమ్మం దగ్గర పెట్టెలు వదిలివెళ్ళాయి. ఎంతోమంది స్త్రీలు తమ చేతులతోనే బిగించుకున్నారు. చేతకాదనుకున్నది చేతనైంది.

ఇది ఇంటర్నెట్‌తో మొదలైన కథ కాదు. టెలిఫోను దగ్గర మొదలైంది. అమెరికాలో చాలాకాలం ఫోను కంపెనీదే, తీగ కంపెనీదే, బిగించే మనిషీ కంపెనీవాడే. బయటి వస్తువేదీ దానికి తగిలించకూడదు. పక్కవాళ్ళకు మాట వినిపించకుండా ఫోను నోటికి తొడిగే చిన్న గిన్నెలాంటి వస్తువును కూడా కంపెనీ నిషేధిస్తే, 1956లో కోర్టు కల్పించుకుని ఆ నిషేధాన్ని కొట్టేయవలసి వచ్చింది. 1968లో ఎఫ్‌సీసీ ఇచ్చిన కార్టర్‌ఫోన్ తీర్పుతో, నెట్‌వర్క్‌కు హాని చేయనంతవరకు ఎవరి పరికరాన్నైనా తగిలించుకోవచ్చని తేలింది. 1970ల రెండో సగంలో ఫోను తీగ చివర టక్కున గుచ్చుకునే చిన్న ప్లగ్గు వాడుకలోకి వచ్చింది. అంతే, ఫోను బిగించడానికి మనిషి అవసరం తగ్గిపోయింది.

సరిగ్గా ఇక్కడే మనం ఆగి చూడవలసిన ఘట్టం ఉంది. ఆ టెలిఫోను కంపెనీ ఏటీ అండ్ టీ. అందులో ఆపరేటర్లంతా దాదాపు స్త్రీలే, స్తంభాలెక్కి తీగలు లాగి ఇళ్ళలో ఫోన్లు బిగించేవాళ్ళంతా దాదాపు మగవాళ్ళే. రెండో పనికి జీతం చాలా ఎక్కువ. సమాన ఉద్యోగ అవకాశాల కమిషన్ పోరాడగా 1973 జనవరిలో ఒప్పందం కుదిరింది. కంపెనీ కోటిన్నర డాలర్ల బకాయి జీతాలు ఇవ్వాలి, స్త్రీలను ఆ మగ పనుల్లోకి తీసుకోవాలి. నడుముకు బెల్టు కట్టుకుని, చేతిలో పట్టకారుతో స్త్రీలు స్తంభాలెక్కారు. అది మామూలు విజయం కాదు. కానీ స్త్రీలు ఇళ్ళలో ఫోన్లు బిగించే ఉద్యోగాల్లోకి అడుగుపెట్టిన ఆ దశాబ్దంలోనే ప్లగ్గు వచ్చి ఆ ఉద్యోగం కుంచించుకుపోవడం మొదలైంది. సామాజిక శాస్త్రవేత్త శాలీ హేకర్ ఈ కంపెనీని కొన్నేళ్ళపాటు పరిశీలించి 1979లో ప్రచురించిన వ్యాసం మనందరం చదవవలసింది. స్త్రీలకు తలుపులు తెరిచిన ఉద్యోగాలు చాలావరకు యంత్రం త్వరలోనే మింగబోయేవి అని ఆమె చూపించారు. ఒప్పందం వల్ల స్త్రీలకు వచ్చిన ఉద్యోగాల కన్నా యంత్రాల వల్ల పోయినవే ఎక్కువ అని లెక్కతేల్చారు.

కాబట్టి 'మీరే బిగించుకోండి' అన్న పిలుపు రెండు ముఖాలతో వచ్చింది. ఒక స్త్రీకి ఎదురుచూపు తప్పింది, ఇంకో స్త్రీకి మంచి జీతం ఉన్న పని తప్పింది.

జీతమున్న పని జీతం లేని పనిగా మారడాన్ని నోనా గ్లేజర్ 'పని బదిలీ' అన్నారు. 1993లో వచ్చిన ఆమె పుస్తకం దుకాణాల గురించీ వైద్యం గురించీ. ఒకప్పుడు కిరాణా కొట్లో గుమాస్తా సరుకులు తీసి, తూచి, పొట్లం కట్టి ఇచ్చేవాడు. 1916లో మెంఫిస్ నగరంలో పిగ్లీ విగ్లీ దుకాణం వచ్చాక సరుకు కొనేవాళ్ళే బుట్ట పట్టుకుని తిరిగి తీసుకోవడం మొదలైంది. గుమాస్తా పని మాయమవలేదు, కొనేవాళ్ళ మీద, అంటే ఎక్కువగా ఇల్లాళ్ళ మీద పడింది. ఆసుపత్రులు రోగుల్ని త్వరగా ఇంటికి పంపేస్తే నర్సు పని భార్యదో కూతురిదో కోడలిదో అయింది. గృహోపకరణాల చరిత్ర రాసిన రూత్ ష్వార్జ్ కోవన్ కూడా 1983లో ఇదే కోవలో, యంత్రాలు వచ్చినా ఇల్లాలి పని ఎందుకు తగ్గలేదో వివరించారు. మోడెమ్ పెట్టెను ఈ వరసలో పెట్టి చూడండి.

అయితే ఒక తేడా ఉంది. మోడెమ్ బిగించడం మగపనిగా పేరుబడిన పని. ఇంట్లో నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండడాన్ని 2007లో బ్రిటన్ పరిశోధకులు కొందరు 'డిజిటల్ గృహనిర్వహణ' అన్నారు. గిన్నెలు కడగడంలా ఇదీ రోజూ ఉండేది, అయిపోనిది, బాగున్నంతసేపు ఎవరికీ కనబడనిది. కానీ మగవాడు చేస్తే అది పరిజ్ఞానం, చుట్టాలొచ్చినప్పుడు చెప్పుకునే విషయం. ఆడమనిషి చేస్తే అది ఇంటిపనుల్లో మరొకటి.

సులువుగా ఉంటుందన్నది సులువుగా లేనప్పుడు ఏమవుతుందో కూడా చూడాలి. కేబుల్‌ను రెండు గదులకు చీల్చే స్ప్లిట్టర్ అనే చిన్న ముక్క ఉంటుంది. దాంట్లోంచి వెళ్ళాక ఒక్కో వైపుకు సంకేతం సగానికి కొంచెం తక్కువే మిగులుతుంది. అలాంటివి మూడు నాలుగు ఉంటే మోడెమ్ గొంతు అవతలికి వినబడదు. ఆ ముక్క ఎక్కడో అటకమీద, పాత అద్దెదారు వదిలిపెట్టినది. దాని సంగతి బొమ్మల కాగితంలో ఉండదు. తీగ చివరి మర వదులుగా ఉంటే బయటి రొద లోపలికి దూరుతుంది. ఆ వాడలో వందల ఇళ్ళు ఒకే దారిలో కంపెనీకి మాట పంపుతాయి కాబట్టి ఒక ఇంట్లో వదులు మర పక్క ఇళ్ళ నెట్‌ను కూడా పాడుచేయగలదు. నెట్ రాలేదని ఫోను చేస్తే 'ఆపి మళ్ళీ పెట్టండి' అంటారు. చివరకు మనిషిని పంపించి, లోపం మీ ఇంటి తీగలో ఉంది కాబట్టి రుసుం కట్టమంటారు. పని మనమీదికి బదిలీ అయినప్పుడు తప్పు కూడా బదిలీ అయింది. శిక్షణ మాత్రం బదిలీ కాలేదు. డబ్బు విషయంలో ఒక చిన్న గెలుపు ఉంది, చెప్పుకోవాలి. సొంత మోడెమ్ వాడుకునేవాళ్ళ దగ్గర ఇవ్వని పెట్టెకు అద్దె వసూలు చేయకూడదని 2019 డిసెంబరులో అమెరికాలో చట్టం వచ్చింది.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది మాత్రం తాళం సంగతి. ఇప్పటి మోడెమ్‌ను ఫోనులోని యాప్‌తో బిగిస్తారు. ఎవరి ఫోనుతో బిగిస్తే వారే ఆ నెట్‌కు యజమాని. ఏ పరికరం నెట్ వాడుతోందో వాళ్ళకు కనబడుతుంది. ఒక్కో పరికరానికి నెట్ ఆపగలరు, మళ్ళీ ఇవ్వగలరు. పిల్లల చదువుకోసం అని పెట్టిన సౌకర్యమే. కానీ భర్త కోపమొచ్చినప్పుడు భార్య ఫోనుకు నెట్ ఆపడానికి కూడా అదే మీట. కొట్టడం లేదు, తిట్టడం లేదు. అయినా ఆమె పుట్టింటికి వీడియో కాల్ చేసుకోలేదు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోలేదు, సహాయం చేసే సంస్థ కోసం వెతకలేదు. హింసనుంచి బయటపడే స్త్రీలు భర్తతో కలిసి ఉన్న మొబైల్ ఖాతానుంచి తమ నంబరును విడదీసుకునే హక్కును అమెరికా 2022లో 'సేఫ్ కనెక్షన్స్' చట్టంతో ఇచ్చింది. ఆ చట్టం ఉమ్మడి మొబైల్ ఖాతాల గురించి. ఇంట్లో పెట్టె సంగతి దానిలో లేదు.

న్యూజెర్సీలో మా కింది వాటాలో ఒక తెలుగు అమ్మాయి ఉండేది. హెచ్-4 వీసా మీద వచ్చింది. 2015 మేలో కొందరు హెచ్-4 భార్యలకు పనిచేసే అనుమతి ఇచ్చేదాకా ఆ వీసాతో ఉద్యోగం చేయడానికి వీల్లేదు, ఆ తర్వాత కూడా అందరికీ రాలేదు. ఇంజనీరింగ్ చదివిన పిల్ల. ఇల్లు మారినప్పుడు పెట్టె మూడు రోజులు అలాగే పడి ఉంది. 'ఆయన వారాంతం చూస్తానన్నారక్కా' అంది. నాలుగోరోజు తనే విప్పి బిగించింది. 'నా ఫోనుతోనే చేశాను. పాస్‌వర్డ్ నేను పెట్టుకున్నదే' అని చెప్పినప్పుడు ఆమె మొహం చూసి ఉంటే, ఇది సాంకేతిక విషయమని మీరెవరూ అనేవారు కాదు. ఆమె మీద ఇంటి చాకిరీ తగ్గలేదన్నది నిజమే. అయినా ఆ చిన్న తాళం ఆమె చేతికి వచ్చింది.

మన దగ్గర పరిస్థితి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు దేశంలో 33.3 శాతం, పురుషులు 57.1 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. హైటెక్ అని చెప్పుకునే రెండు రాష్ట్రాలూ స్త్రీల విషయంలో దేశ సగటుకన్నా కింద ఉన్నాయి. 2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. టెక్నీషియన్ కోసం ఎదురుచూసే గంటలకు ఆ లెక్కలో విడిగా చోటు లేదు.

ఇక్కడ ఇళ్ళకు వచ్చేది ఇప్పుడు ఎక్కువగా ఫైబర్. గాజు తీగను కోసి అతకడానికి యంత్రం కావాలి కాబట్టి మనిషి రాక తప్పడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ప్రారంభమైన ఫైబర్‌నెట్ కూడా నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను ఇస్తామని చెప్పి, చివరి మెట్టు స్థానిక కేబుల్ ఆపరేటర్ల చేతుల్లోనే పెట్టింది. కేబుల్ తమ్ముడికి ఫోను చేస్తే 'సార్ లేరా మేడమ్' అని అడుగుతాడు. నేను హైదరాబాదులో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, నెట్ బిగించడానికి మా ఇంటికి ఒక్క స్త్రీ కూడా రాలేదు. కనెక్షన్ ఆయన పేరు మీద, ఓటీపీ ఆయన నంబరుకు. నెట్ ఆగిపోతే ఫిర్యాదు నమోదు చేయడానికి కూడా ఆయన ఆఫీసునుంచి ఓటీపీ చదివి చెప్పాలి. విడిపోయి వచ్చిన స్త్రీ కొత్త కనెక్షన్ అడిగితే అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉందంటారు. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో ఒక ఆడపిల్లల హాస్టల్ కేసులో చెప్పింది. ఆ హక్కు మన ఇళ్ళలో ఓటీపీ దగ్గర ఆగిపోతోంది.

కాబట్టి సులువుగా బిగించుకునే పెట్టె ఇక్కడికీ రావాలనే నేను కోరుతున్నాను. అయితే మన షరతులతో రావాలి. కాగితం తెలుగులో ఉండాలి, చదవడం రానివాళ్ళకూ అర్థమయ్యే బొమ్మలతో ఉండాలి, ఫోను చేస్తే తెలుగులో ఓపికగా చెప్పే మనిషి ఉండాలి. తనే బిగించుకునే వాళ్ళకు కంపెనీ మిగుల్చుకున్న ఖర్చులో వాటా తగ్గింపుగా రావాలి. చేతకానివాళ్ళకు, వృద్ధులకు, వికలాంగులకు మనిషి ఉచితంగా రావాలి, తప్పు ఇంట్లోవాళ్ళదని రుసుం వేయకూడదు. ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటే ఇద్దరికీ పెట్టె మీద సమాన అధికారం ఉండాలి, ఒకరు ఇంకొకరి నెట్ ఆపలేకుండా ఉండాలి. ఇక ఫైబర్ అతికే పని ఎలాగూ మనుషులు చేయవలసిందే కనుక ఆ శిక్షణ ఆడపిల్లలకు ఇప్పుడే ఇవ్వాలి. ఆ పని కూడా ఏదో ఒక ప్లగ్గు మింగేశాక ఇస్తే లాభం లేదు. పాలిటెక్నిక్, ఐటీఐ ప్రిన్సిపాళ్ళను కలిసే మిత్రులు ఈ మాట గట్టిగా అడగండి.

జిల్లాల్లో పనిచేస్తున్న కార్యకర్తలకు ఒక పని. మీ కేంద్రానికి వచ్చే స్త్రీలలో ఇంట్లో నెట్ ఉన్నవాళ్ళను నాలుగు సంగతులు అడగండి: కనెక్షన్ ఎవరి పేరున ఉంది, ఓటీపీ ఏ నంబరుకు వస్తుంది, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, బాగుచేసే మనిషి వచ్చేదాకా ఇంట్లో ఎవరు కూర్చున్నారు. పేర్లు వద్దు, ఊరు, వయసు చాలు. వచ్చే సంచిక ప్రెస్సుకు వెళ్ళేలోగా రాసి పంపితే అన్నీ కలిపి ప్రచురిస్తాం.